దుప్పి వేటకు చేతి జీపీఎస్, వాకీటాకీ: కొన్నేళ్ల వాడకం తర్వాత

న్యూజిలాండ్ ఉత్తర దీవిలోని కైమనావా, కవేకా కొండల్లో సికా దుప్పుల వేటకు మా చిన్న బృందం కొన్నేళ్లుగా వెళ్తోంది. ఆ అడవుల్లో చేతి జీపీఎస్‌లను, వాకీటాకీలను మార్చి మార్చి వాడిన తర్వాత ఏవి మా సంచిలో మిగిలాయో, ఏవి అటకెక్కాయో, ఎందుకో ఇక్కడ రాస్తున్నాను. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది కనుక ఈ విషయం కొందరికి ఇబ్బందిగా అనిపించవచ్చు. ఇక్కడ మాత్రం గబ్బిలాలను మినహాయిస్తే నేలమీది క్షీరదమేదీ స్థానికం కాదు. సికా దుప్పులను 1905లో తెచ్చి వదిలారు, అడవి అడుగున మొలిచే లేత మొక్కలను అవి మేసేస్తాయి కాబట్టి తుపాకి లైసెన్సు ఉన్నవారికి పరిరక్షణ శాఖే వేట అనుమతి పత్రాలు ఇస్తుంది.

చాలామంది జీపీఎస్‌ను ఒక దుకాణంలో, వాకీటాకీని మరో దుకాణంలో, ఒకదానితో ఒకటి సంబంధం లేనట్టు కొంటారు. నా అభిప్రాయంలో ఈ రెండింటినీ జతగా ఎంచుకోవాలి. ఎందుకంటే అడవిలో వీటి అసలు పని దారి చూపడమో, కబుర్లు చెప్పుకోవడమో కాదు. ఒకరికొకరు కనిపించని ఇద్దరు మనుషులు ఎవరెక్కడ ఉన్నారో తప్పు లేకుండా చెప్పుకోగలగడం. మార్చి చివర, ఏప్రిల్ నెలల్లో మగ దుప్పులు జతకట్టే కాలంలో రంకెలు వేస్తాయి, వేటగాళ్లు కూడా ఆ అరుపును అనుకరిస్తారు. అవతలి గట్టు మీద నుంచి వచ్చే జవాబు దుప్పిదో, మరో వేటగాడిదో చెవికి తేలడం కష్టం. తోటివారిని దుప్పులుగా పొరబడి కాల్చిన దుర్ఘటనలు ఈ దేశంలో జరిగాయి. కనుక కలిసి వెళ్లినవారు కంటికి కనబడకుండా పోతే, వారి జాడ తెలిసేవరకు వేట ఆపేయాలన్నది ఇక్కడ అందరూ నేర్పే నియమం. ఆ జాడ వాకీటాకీలో ఎలా తెలుస్తుంది? "అన్నా, ఎక్కడున్నారు?" అని అడిగితే "ఇక్కడే తమ్ముడూ, వాగు పక్కనే" అన్న జవాబు వస్తుంది. ప్రతి లోయలోనూ ఒక వాగు ఉన్న కొండల్లో ఆ జవాబు ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. జీపీఎస్ తెర మీది అంకెలను చదివి చెప్పినప్పుడే వాకీటాకీకి విలువ వస్తుంది.

ముందుగా జీపీఎస్. ఇప్పుడు నా దగ్గర ఉన్నది గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ 65ఎస్. 2020లో వచ్చిన ఈ యూనిట్ రెండు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది, దానిది టచ్ స్క్రీన్ కాదు, అన్నీ బటన్లే, పైన బొటనవేలంత యాంటెన్నా పొడుచుకు వచ్చి ఉంటుంది. కొత్త ఫోన్ల పక్కన పెడితే దాని 2.6 అంగుళాల తెర పాతకాలపు వస్తువులా కనిపిస్తుంది, మ్యాప్‌ను అటూ ఇటూ జరపడానికి ఓపిక కావాలి. దీనికి ముందు వాడిన ఒక టచ్ స్క్రీన్ యూనిట్ ఇంట్లో ఎంతో ముచ్చటగా పనిచేసేది కాని, వర్షంలో తెర మీద పడిన ప్రతి చినుకునూ వేలిగా భావించి మ్యాప్‌ను దానంతట అదే జరుపుకునేది. ఉన్ని గ్లౌజులు తీయకుండా, చూడకుండా, తడిచేత్తో నొక్కగల బటన్లే ఈ వాతావరణానికి తగినవని దానితో తేలిపోయింది. ఫోన్‌ను నేను తక్కువ చేయడం లేదు. ప్రభుత్వ సర్వే సంస్థ ఉచితంగా ఇచ్చే టోపో50 మ్యాపులను ఫోన్‌లో దించుకుని, గుడిసెలో పొయ్యి పక్కన కూర్చుని మరునాటి దారి చూసుకోవడానికి దానిని మించినది లేదు.

చెట్ల కింద సంకేతం బలహీనపడటం అన్ని యూనిట్లకూ ఉన్న సమస్యే. తడి ఆకులు సంకేతాన్ని మరింత మింగేస్తాయి. ఇరుకు లోయల్లో అది రాతి గోడలకు తగిలి ఆలస్యంగా చేరడంతో, నిలబడ్డ చోటే నిలబడి ఉన్నా తెర మీద మన గుర్తు వాగు దాటి అవతలి ఒడ్డుకు వెళ్లి వస్తూ ఉంటుంది. ఉపగ్రహాలు ప్రసారం చేసే ఎల్1, ఎల్5 అన్న రెండు పౌనఃపున్యాలనూ అందుకునే యూనిట్లలో ఈ తిరుగుడు స్పష్టంగా తగ్గింది, నేను 65ఎస్‌కు మారడానికి ప్రధాన కారణం అదే. మరో విషయం చాలామందికి తట్టదు. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను ప్రతి 30 సెకన్లకు ఒకసారి ప్రసారం చేస్తుంది, యూనిట్ ఆ వివరాలను తెగకుండా పూర్తిగా అందుకోవాలి. దట్టమైన చెట్ల కింద ఆన్ చేస్తే మధ్యలో తెగి, మళ్లీ మొదటికి వస్తుంది. అందుకే కారు ఆపిన ఖాళీ స్థలంలోనే ఆన్ చేసి, బూట్లు కట్టుకునేంతసేపు ఆకాశం కింద ఉంచి, ఆ తర్వాతే అడవిలోకి అడుగు పెడతాము.

ఏఏ బ్యాటరీలు మార్చగల యూనిట్‌నే ఎందుకు కోరుకుంటానంటే, గుడిసెల్లో కరెంటు ఉండదు. లిథియం ఏఏలు ఆల్కలైన్ వాటికంటే తేలిక, మంచు పట్టిన ఉదయాల్లో కూడా చల్లబడి నీరసించవు. అయితే ఏ రకం బ్యాటరీ వేశామో మెనూలో చెప్పకపోతే మీటరు తప్పు చూపిస్తుంది: రీఛార్జి బ్యాటరీలు వేసి ఆల్కలైన్ అని వదిలేస్తే, ఇంకా సగం ఉండగానే అయిపోవచ్చిందని బెదిరిస్తుంది.

సెట్టింగుల్లో అన్నింటికంటే ముఖ్యమైనది స్థానాన్ని చూపే పద్ధతి. కొత్త యూనిట్ డబ్బాలోంచి తీసినప్పుడు అక్షాంశ రేఖాంశాలనే చూపిస్తుంది, వాటిని రేడియోలో చదివితే అవతలివారు కాగితం మ్యాప్ మీద గుర్తించేసరికి తెల్లారుతుంది. మా బృందంలో అందరమూ న్యూజిలాండ్ మ్యాపుల గళ్ల పద్ధతి, అంటే గ్రిడ్, అయిన ఎన్‌జెడ్‌టీఎంకు మార్చుకుని, మ్యాప్ గళ్ల ప్రకారం తూర్పు వైపు దూరానికి మూడు అంకెలు, ఉత్తరం వైపు దూరానికి మూడు అంకెలు చెబుతాము. ఆ ఆరు అంకెలతో వంద మీటర్ల చదరంలో మనిషి దొరుకుతాడు. అంకెలను ఒక్కొక్కటిగా పలకాలి, "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" రేడియో గరగరలో ఒకేలా వినిపిస్తాయి. 2009లో టోపో50 రాకముందు నాటి మ్యాపులు, వాటి గ్రిడ్ సంఖ్యలు పాత గైడ్‌లలో ఇంకా తిరుగుతున్నాయి; ఒకరు పాత గ్రిడ్, మరొకరు కొత్త గ్రిడ్ వాడితే ఇద్దరి అంకెలూ కలవవు. దిక్కుల విషయమూ అంతే. ఈ కొండల్లో అయస్కాంత ఉత్తరం అసలు ఉత్తరానికి ఇరవై డిగ్రీలకు పైగా తూర్పుగా ఉంటుంది కాబట్టి, ఒకరి యూనిట్ అయస్కాంత దిక్కును, మరొకరిది గ్రిడ్ దిక్కును చూపిస్తుంటే కిలోమీటరు దూరానికే మూడు వందల యాభై మీటర్ల తేడా వస్తుంది. వాకీటాకీ స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది. దానిని ఛాతీ పట్టీకి తగిలించి, పక్కనే దిక్సూచి పట్టుకుంటే ముల్లు పక్కకు లాగుతుంది. రేడియో ఒక భుజానికి, జీపీఎస్ రెండో వైపు నడుముకు అన్నది మా అలవాటు.

ఇక వాకీటాకీలు. అమెరికాలో ఉండే బంధువులు వచ్చేటప్పుడు అక్కడ చవకగా దొరికే జతను తెచ్చి ఇవ్వడం మన కుటుంబాల్లో మామూలే. అవి 462, 467 మెగాహెర్ట్జ్‌లలో పనిచేస్తాయి, న్యూజిలాండ్‌లో వాటిని వాడటం చట్టవిరుద్ధం. ఇక్కడ, ఆస్ట్రేలియాలో విడి లైసెన్సు లేకుండా వాడుకోగల యూహెచ్‌ఎఫ్ రేడియోలు 476 నుంచి 477 మెగాహెర్ట్జ్ మధ్య ఎనభై ఛానెళ్ల మీద నడుస్తాయి, 5 వాట్ల వరకు శక్తితో దొరుకుతాయి.

డబ్బా మీద రాసిన కిలోమీటర్లను నమ్మి కొనకండి. ఒక గట్టు శిఖరం నుంచి మరో శిఖరానికి, మధ్యలో అడ్డేమీ లేనప్పుడు, చిన్న సెట్టు కూడా ఎంతో దూరం పలుకుతుంది. ఇద్దరి మధ్య ఒక కొండ గట్టు వస్తే, బీచ్ అనే జాతి చెట్ల పచ్చని అడవిలో కిలోమీటరున్నరకే మాట తెగిపోవడం చూశాను. అలాంటి చోట వాట్లు పెంచడం కంటే ఇరవై అడుగులు పైకి ఎక్కడం ఎక్కువ పని చేస్తుంది. 2 వాట్లను 5 వాట్లకు పెంచినా సంకేతంలో వచ్చే లాభం 4 డెసిబెల్సే; పొట్టి యాంటెన్నాను తీసి పొడుగుది బిగించుకునే వీలున్న సెట్టు ఎంచుకుంటే అంతకంటే మేలు. మాట్లాడేటప్పుడు యాంటెన్నాను నిటారుగా, తల నుంచి కాస్త దూరంగా పట్టుకోవాలి. సంచి పక్క జేబులో అడ్డంగా పడేసి అందడం లేదని సెట్టును తిట్టేవారే ఎక్కువ.

కొన్నాక ముందుగా చేయవలసిన పని, మాట ముగియగానే కూసే బీప్‌ను ఆపేయడం. ఆ ఒక్క కూతతో అరగంట నక్కి చేరిన దుప్పి మాయమవుతుంది. చెవిలో పెట్టుకునే ఇయర్‌పీస్ ఉన్న సెట్టు తీసుకోండి, ఒక చెవికే. రెండో చెవి అడవికి కావాలి. ప్రైవసీ టోన్ అన్న పేరును చూసి మోసపోవద్దు, అది ఇతరుల మాటలు మన సెట్టులో వినబడకుండా చేస్తుందే తప్ప మన మాటలను ఎవరూ వినకుండా చేయదు. 1 నుంచి 8, 31 నుంచి 38 ఛానెళ్లు రిపీటర్లవి, అంటే మాటను అందుకుని మళ్లీ దూరానికి ప్రసారం చేసే కేంద్రాలవి కనుక వాటికి దూరంగా ఉంటాము. మేము మాట్లాడుకునేది తెలుగే. అయితే అదే ఛానెల్‌లో కొత్త గొంతు వినిపించిన మరుక్షణం మా స్థానాలను ఇంగ్లీషులో చెబుతాము, ఎదురుగా తుపాకి పట్టుకున్నవారికి మేమెక్కడున్నామో అర్థం కావడం గోప్యతకంటే ముఖ్యం. వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరిపే డేలైట్ సేవింగ్ ఏప్రిల్ మొదటి ఆదివారంతో ముగుస్తుంది, అంటే రంకెల కాలం నడుమ గడియారం గంట వెనక్కి వెళ్తుంది. జీపీఎస్ దానంతట అదే మారుతుంది, చేతి వాచీ మారదు. పలకరించుకునే వేళలను అందుకే జీపీఎస్ గడియారం ప్రకారమే పెట్టుకున్నాము.

ఈ రెండూ ప్రాణరక్షణ పరికరాలు కావు. కాలు విరిగితే లోయలోంచి యూహెచ్‌ఎఫ్ రేడియో ఎవరికీ వినిపించకపోవచ్చు. అందుకు ఉపగ్రహాల ద్వారా సాయం కోరే 406 మెగాహెర్ట్జ్ అత్యవసర బీకన్ వేరుగా ఉండాలి, దానిని ఇక్కడి రక్షణ సమన్వయ కేంద్రంలో ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు. నెలవారీ చందా కట్టే ఉపగ్రహ మెసెంజర్లు కూడా మంచివే, ఇంటికి క్షేమ సమాచారం పంపవచ్చు. అయితే హైదరాబాద్‌కో, విశాఖపట్నానికో సెలవులకు వెళ్లేటప్పుడు ఆ మెసెంజర్‌ను సంచిలో మరచిపోకుండా ఇక్కడే వదిలి వెళ్లండి. టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ పరికరాలను భారత్‌లోకి తేవడం నేరం, విమానాశ్రయాల్లో వీటితో పట్టుబడి చిక్కుల్లో పడ్డ ప్రయాణికులు ఉన్నారు.

పాత సెట్లు కొనేవారికి ఒక మాట. జీపీఎస్ అయితే బ్యాటరీ మూత చుట్టూ ఉన్న రబ్బరు పగిలిందేమో, లోపలి స్ప్రింగులకు పచ్చని తుప్పు పట్టిందేమో చూడండి, నీరు చేరేది అక్కడినుంచే. వాకీటాకీ అయితే నలభై ఛానెళ్లదా, ఎనభై ఛానెళ్లదా అని అడగండి. రెండు రకాలు ఒకదానితో ఒకటి మాట్లాడతాయి కాని, కొత్త సెట్టు మాట పాతదానిలో సన్నగా, పాతది కొత్తదానిలో బద్దలైనట్టు వినిపిస్తుంది. బృందంలో అందరివీ ఒకే రకమైతే ఆ బాధ ఉండదు.