పోవిస్ కోట: క్లైవ్ వారసుల బిరుదులు, మన జిల్లాలు

వేల్స్ సరిహద్దు దగ్గరున్న పోవిస్ కోటకు చాలామంది తోటల కోసమే వెళ్తారు. తోటలు నిజంగానే బాగుంటాయి. కానీ తెలుగువాళ్లు వెళ్తే ముందు చూడాల్సింది లోపలున్న క్లైవ్ మ్యూజియం, అంటే క్లైవ్ కుటుంబం మన దేశం నుంచి తెచ్చుకున్న వస్తువులున్న గదులు. ఆ ఇంటివాళ్ల బిరుదుల సంగతి కాస్త తెలుసుకుని వెళ్తేనే ఆ గదులు అర్థమవుతాయి.

ప్లాసీ గెలిచిన రాబర్ట్ క్లైవ్‌కు 1762లో బ్యారన్ బిరుదు దక్కింది. అయితే అది ఐర్లాండ్ బిరుదు. దాంతో లండన్ ప్రభువుల సభలో చోటు రాదు. అందుకే ఆయన చివరిదాకా ష్రూస్‌బరీ ఎంపీగా కామన్స్ సభలోనే ఉన్నాడు. ఆ లోటు కొడుకు ఎడ్వర్డ్ తీర్చాడు. ఈ కోట యజమాని పోవిస్ ఎర్ల్ (ఎర్ల్ అంటే బ్యారన్ కంటే పెద్ద బిరుదు) చెల్లెలు హెన్రియెట్టా హెర్బర్ట్‌ను 1784లో పెళ్లాడాడు. పదేళ్లకు ప్రభువుల సభలో చోటిచ్చే బ్యారన్ బిరుదు సంపాదించాడు. 1801లో బావమరిది పిల్లలు లేకుండానే చనిపోయాక ఆ ఎర్ల్ బిరుదు అంతరించింది. 1804లో దాన్నే ఎడ్వర్డ్ కోసం కొత్తగా సృష్టించారు. ఈ కోట ఎస్టేటు మాత్రం ఎడ్వర్డ్ కొడుక్కి రాసి ఉంది. దానికోసం ఆ అబ్బాయి 1807లో క్లైవ్ అనే ఇంటిపేరు వదిలేసి మేనమామ ఇంటిపేరు హెర్బర్ట్ పెట్టుకున్నాడు. క్లైవ్ పేరు బిరుదులో మిగిలింది. ఎర్ల్ పెద్దకొడుకును ఇప్పటికీ వైకౌంట్ క్లైవ్ అంటారు.

మనకు దగ్గరి విషయం ఇంకోటుంది. మన కోస్తాలోని ఉత్తర సర్కార్లను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఇచ్చిన ఫర్మానా తండ్రి రాబర్ట్ సంపాదించిందే. కొడుకు ఎడ్వర్డ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. 1801లో ఆర్కాటు నవాబు చేతిలోంచి నెల్లూరు ప్రాంతం కంపెనీకి పోయింది ఆయన హయాంలోనే. ఈ సంగతి తెలిసి ఆ వస్తువుల ముందు నిలబడితే కడుపులో దేవినట్టు ఉంటుంది. అయినా చూడాలి.

అన్నిట్లోకీ నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది టిప్పు సుల్తాన్ డేరా. తెల్లటి నూలుగుడ్డ మీద వరసగా కమాను ఆకారాలు, ఒక్కో కమానులో ఒక పూలకుండీ, ఎర్రటి పూలు, ఆకుపచ్చ ఆకులు. పెడన అద్దకం చూసి పెరిగినవాళ్లకు ఆ పనితనం వెంటనే తెలిసిపోతుంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక ఇక్కడికి చేరిన ఈ డేరాను తర్వాత తోట విందులకు పందిరిగా వేసేవారట. ఆ మాట విన్నాక మనసు చివుక్కుమంది. పక్కనే టిప్పు సింహాసనం మీది బంగారు పులితల ఉంది. గుడ్డలు పాడవకుండా దీపాలు బాగా తగ్గించి ఉంచారు. లోపలికి వెళ్లగానే తొందరపడకుండా కళ్లు అలవాటు పడేదాకా ఆగండి.

1952 నుంచి కోట, పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. సభ్యత్వం ఉంటే టికెట్ అక్కర్లేదు. గదుల్లో వాలంటీర్లు ఉంటారు, మొహమాటపడకుండా అడగండి. నేను అడిగినావిడ చాలా ఓపిగ్గా బిరుదుల వరసంతా చెప్పింది.

బసకు నా ఓటు ష్రూస్‌బరీకే. కోటకు దగ్గరని మొదట వెల్ష్‌పూల్‌లో ఒక చిన్న బీ అండ్ బీ (గది, పొద్దున టిఫిన్ ఇచ్చే బస) తీసుకున్నాం. గది శుభ్రంగానే ఉంది, కానీ మాకు మాంసం లేని టిఫిన్ కావాలని ముందే రాసినా టోస్టు, జామ్ తప్ప ఏమీ పెట్టలేదు. రాత్రి తిండికి కూడా ఊళ్లో వెతుక్కోవాల్సి వచ్చింది. ష్రూస్‌బరీలో స్టేషన్ దగ్గరే ఉండొచ్చు, తిండికి టెన్షన్ లేదు. అక్కడి నుంచి వెల్ష్‌పూల్‌కు రైల్లో అరగంట కూడా పట్టదు. రైళ్లు మాత్రం తక్కువ, తిరుగు రైలు టైం ముందే చూసుకోండి. ష్రూస్‌బరీ చౌరస్తాలోనే 1860లో పెట్టిన క్లైవ్ విగ్రహం ఉంది. దానికోసం వేరే పూట అక్కర్లేదు. కారు ఉంటే రాబర్ట్ క్లైవ్‌ను పాతిపెట్టిన మోర్టన్ సే చర్చి కూడా చూడొచ్చు.

వెల్ష్‌పూల్ స్టేషన్ నుంచి కోటకు నడిచే వెళ్లొచ్చు కానీ చివర్లో ఎత్తు ఎక్కాలి. తోట కూడా కొండవాలు మీద అంతస్తులుగా ఉంటుంది, మెట్లు ఎక్కువ. అమ్మానాన్నలతో వెళ్తే టాక్సీ మాట్లాడుకుని, కాళ్లు అలిసిపోకముందే మ్యూజియం చూపించి, తోటకు తర్వాత తీసుకెళ్లండి.