ప్లగ్గులో ఉండగానే ఛార్జింగ్ దిగిపోయే నా గేమింగ్ ల్యాప్‌టాప్: మూడేళ్లు దాటాక

2022 ఆగస్టులో కొన్నాను. ఐ7-12700హెచ్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్, 16 జీబీ ర్యామ్, 144 హెర్ట్జ్ తెర, 70 వాట్-అవర్ల బ్యాటరీ. పెట్టెలో ఇటుకంత ఛార్జర్, దాని మీద 180 వాట్లని రాసి ఉంది. లక్షా పదిహేను వేలు పడింది. కీబోర్డు బాగుంది, తెర బాగుంది, స్పీకర్లు ఉన్నాయంటే ఉన్నాయి. వీటి గురించి ఎవరైనా రాస్తారు. నేను రాయాలనుకున్నది ఛార్జింగ్ గోల గురించి. కంపెనీ పేరు మాత్రం చెప్పను. ఈ తంతు ఒక్క కంపెనీలోనే లేదు.

కొన్న రెండో నెలలో, ఒక శనివారం రాత్రి సైబర్‌పంక్ 2077 ఆడుతున్నాను. రెండున్నర గంటలు బ్రహ్మాండంగా నడిచింది. ఉన్నట్టుండి ఫ్రేములు (తెర మీద సెకనుకి మారే బొమ్మలు) 70 నుంచి 25కి పడిపోయాయి. గేమ్ ఆపి చూస్తే బ్యాటరీ 30 శాతం! ఆట మొదలుపెట్టినప్పుడు వంద ఉంది, ప్లగ్గు తీసిందీ లేదు. మా అమ్మ అప్పుడు ఊరినుంచి వచ్చి హైదరాబాదులో నా దగ్గరే ఉంది. "ప్లగ్గు వదులుగా ఉందేమో చూడరా" అంది. చూశాను, గట్టిగానే ఉంది. వేరే సాకెట్‌లో పెట్టినా అదే కథ.

ముందు నేను చేసిన పరీక్ష చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. గేమ్ మూసేసి, ప్లగ్గులో ఉంచి, ల్యాప్‌టాప్‌ని ఊరికే వదిలేశాను. ఛార్జింగ్ చకచకా ఎక్కింది. బ్రౌజర్‌లో పని చేసుకున్నా ఎక్కుతూనే ఉంది. అంటే ఛార్జర్ చావలేదు, బ్యాటరీ చెడలేదు, పిన్ను వదులు కాలేదు. గేమ్ ఆడినప్పుడే దిగుతోంది. ఊరికే ఉన్నప్పుడు కూడా ఎక్కకపోతే మాత్రం అది వేరే జబ్బు, ముందు ఛార్జర్‌నే అనుమానించాలి.

అయినా మనసు ఊరుకోక సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాను. ఐదు రోజులు ఉంచుకుని, బ్యాటరీ టెస్ట్ పాసైందని కాగితం చేతిలో పెట్టారు. నిజమే, పాసవుతుంది. వాళ్ల టెస్టులో గేమ్ లేదు కదా. "గేమ్ ఆడి చూపిస్తానండీ" అన్నాను. "ఇక్కడ గేములు ఇన్‌స్టాల్ చేయం సార్" అన్నారు.

లెక్క నేనే వేసుకోవాల్సి వచ్చింది. ఏ చిప్ ఎన్ని వాట్లు లాగుతోందో చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని గేమ్ నడుస్తుండగా అంకెలు రాసుకున్నాను. గ్రాఫిక్స్ చిప్ 115 వాట్లు, ప్రాసెసర్ 60 వాట్లు, తెర, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ, మధ్యలో వేడిగా పోయేది అన్నీ కలిపి ఇంకో 25. మొత్తం 200. ఛార్జర్ ఇచ్చేది 180. తక్కువపడ్డ 20 వాట్లు బ్యాటరీలోంచి లాగుతోంది. 70 వాట్-అవర్లలోంచి గంటకు 20 పోతే 28 శాతం. రెండున్నర గంటలకు 70 శాతం. ఆ శనివారం రాత్రి జరిగింది అచ్చంగా ఇదే. 30 దగ్గరికి రాగానే ఇక బ్యాటరీని ముట్టుకోకూడదని ల్యాప్‌టాప్ చిప్‌లకి కరెంటు కోసేస్తుంది, ఫ్రేములు పడిపోతాయి. ఈ 30 అన్నది నా దానికి. వేరే మోడళ్లలో ఇంకో అంకె ఉండొచ్చు.

ఇది పాడవడం కాదు, అలాగే తయారుచేశారు. ఈ ప్రాసెసర్ కాసేపు 115 వాట్ల దాకా లాగగలదని ఇంటెలే చెబుతుంది. ఈ గ్రాఫిక్స్ చిప్‌కి ఎన్‌విడియా ఇచ్చిన పరిధి 60 నుంచి 115. రెండూ ఒకేసారి పైకి పోతే ఆ రెండింటికే 230. పక్కన పెట్టిన ఛార్జర్ 180. పెద్ద ఛార్జర్ ఇస్తే బరువు, ఖర్చు. చిప్‌లని తగ్గిస్తే సమీక్షల్లో ఫ్రేములు తగ్గుతాయి. అందుకని మధ్యలో బ్యాటరీని బలిపెట్టారు. నా కోపం ఆ నిర్ణయం మీద కాదు, ఆ ముక్క పెట్టె మీద గానీ మాన్యువల్‌లో గానీ ఎక్కడా రాయకపోవడం మీద.

సంగతి తెలిశాక నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. "డిజైనే కదా, ఎలాగూ ప్లగ్గులోనే ఉంది" అనుకుని అలాగే ఆడుకుంటూ పోయాను. వారానికి మూడు రాత్రులు, రెండేళ్లకు పైగా. 2024 చివర్లో గమనించాను: రెండున్నర గంటలకు పడే ఫ్రేములు గంటా ముప్పావుకే పడుతున్నాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అనే విండోస్ కమాండ్‌తో బ్యాటరీ రిపోర్ట్ తీశాను. డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టేది) 70,000, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) 51,000 మిల్లీవాట్-అవర్లు. సైకిల్ కౌంట్, అంటే బ్యాటరీ మొత్తమ్మీద ఎన్నిసార్లు పూర్తిగా ఖర్చయి నిండినట్టో చెప్పే లెక్క, 260. ప్లగ్గు తీసి వాడింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, మరి 260 సైకిళ్లు ఎక్కడివి? ప్రతి ఆటకీ 70 శాతం దిగి, మళ్లీ ఎక్కిన ప్రతిసారీ సైకిల్‌లో ముప్పాతిక వంతు దాకా ఖర్చవుతూనే ఉంది. అదీ ఫ్యాన్లు హోరెత్తుతుండగా, లోపల కాలిపోతుండగా. లిథియం బ్యాటరీకి వేడి కంటే పెద్ద శత్రువు లేదు. మే నెలలో ఏసీ లేని గదిలో ఆడేవాణ్ణని కూడా ఒప్పుకోవాలి.

అప్పుడు మొదలుపెట్టాను జాగ్రత్తలు. ఎన్‌విడియా కంట్రోల్ ప్యానెల్‌లో మ్యాక్స్ ఫ్రేమ్ రేట్ 60కి కట్టేశాను. అంతే, చాలా గేముల్లో ఛార్జింగ్ దిగడం ఆగిపోయింది. నాకు ముందే తట్టాల్సింది. ఎల్డెన్ రింగ్ పీసీలో 60 ఫ్రేముల దగ్గరే ఆగుతుంది, అది ఆడినప్పుడు బ్యాటరీ ఎప్పుడూ తగ్గలేదు, నేనే పట్టించుకోలేదు. వాలొరెంట్ లాంటి వేగమైన షూటింగ్ గేమ్‌కి 60 చాలదు కాబట్టి 144కి పెట్టుకున్నాను, ఎలాగూ తెర చూపించేది అంతే. పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయి 99 శాతానికి దించితే టర్బో (ప్రాసెసర్ తనంతట తాను వేగం పెంచుకోవడం) ఆగిపోయి వేడి బాగా తగ్గుతుంది. కానీ ఈ ప్రాసెసర్ పెద్ద కోర్‌లు అప్పుడు 2.3 గిగాహెర్ట్జ్‌కి దిగిపోతాయి, సైబర్‌పంక్‌లో జనం ఎక్కువున్న వీధుల్లో తడబాటు తెలుస్తుంది. నాకు నచ్చలేదు, తీసేశాను. ఛార్జింగ్ 80 శాతానికే ఆపే సెట్టింగ్ మంచిదే. అయితే చిప్‌లను అదుపు చేయకుండా అదొక్కటే పెడితే గేమ్‌లో ఆ 30 శాతం గీత ఇంకా ముందే వచ్చేస్తుంది. టైప్-సీ ఛార్జర్‌తో గేమ్ ఆడదామనుకునే వాళ్లకి ఒక్క మాట: నా దాంట్లో ఆ పోర్ట్ 100 వాట్లే తీసుకుంటుంది. ఆఫీసు పనికి భేష్, గేమ్‌కి దండగ.

తర్వాత సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లాను, పెద్ద ఛార్జర్ దొరుకుతుందేమోనని. మొదటి షాపులో ఎవరిదో "కంపాటబుల్" ఛార్జర్ చూపించారు. తగిలించగానే ల్యాప్‌టాప్ దాన్ని గుర్తుపట్టక ప్రాసెసర్‌ని నడకకి దించేసింది. రెండో షాపతను నిజాయితీపరుడు. "అన్నా, బోర్డు గుర్తుపడితేనే ఇస్త, లేకుంటె మీ పైసలు దండుగ" అని ముందు తగిలించి చూపించాడు. అదే కంపెనీ 230 వాట్లది, అదే పిన్ను, అదే ఓల్టేజీ. ఏడు వేల పైచిలుకు. నా మోడల్ ఒప్పుకుంది, ఫ్రేములు కట్టేయకపోయినా ఛార్జింగ్ నిలబడుతోంది. అన్ని మోడళ్లూ ఒప్పుకుంటాయని కాదు, కొన్నింట్లో ఎంత పెద్దది పెట్టినా బోర్డు పాత హద్దు దాటదు. తగిలించి చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. బరువు మాత్రం బాగా పెరిగింది, బ్యాగు భుజం కోసేస్తుంది.

కానీ అప్పటికే పాత బ్యాటరీ పని అయిపోయింది. 2025 ఎండాకాలంలో టచ్‌ప్యాడ్ నొక్కితే దిగడం మానేసింది. టచ్‌ప్యాడ్ పాడైందనుకున్నాను. బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ కొంచెం ఊగింది, అప్పుడు వెలిగింది: కింద బ్యాటరీ ఉబ్బి పైకి తోస్తోంది. ఆ రోజుతో దాన్ని వాడటం ఆపేశాను. ఉబ్బిన బ్యాటరీని అదిమి మూత బిగించే ప్రయత్నం ఎవరూ చేయొద్దు, నిప్పంటుకోవచ్చు. ఆగస్టులో ఒరిజినల్ బ్యాటరీ వేయించాను.

మళ్లీ ఈ ల్యాప్‌టాప్ కొంటానా అంటే, ఇదే ధరకి 230 వాట్ల ఛార్జర్‌తో వచ్చేది దొరికితే దీని ముఖం చూడను. దొరక్కపోతే కొంటాను, కానీ మొదటి రోజే ఫ్రేములు కట్టేస్తాను.

కొత్త బ్యాటరీ వేసి నాలుగు నెలలైంది. మొన్న రిపోర్ట్ తీస్తే సైకిల్ కౌంట్ 9. అందులో నాలుగు దసరాకి ఊరెళ్లినప్పుడు కరెంటు పోయినప్పటివి.