నగల పెట్టెకు ఏది మేలు: పాత టేకా, కొత్త టేకా?

పెళ్ళి ముహూర్తాలు దగ్గరపడినప్పుడల్లా కడప, ప్రొద్దుటూరు వైపు పాఠకులు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: నగలు దాచుకోవడానికి సొరుగుల పెట్టె చేయించాలనుకుంటున్నాము, చెక్క ఏది తీసుకోవాలి? బంగారు అంగళ్ళకు పేరుమోసిన ప్రొద్దుటూరులో నగను ఎంచడం ఎవరికీ నేర్పనక్కరలేదు. కలప విషయానికి వచ్చేసరికి మాత్రం అక్కడివారు కూడా జాతి పేరు, రంగు చూసి డబ్బు కట్టేస్తున్నారు. నేను అన్నిటికన్నా ముందు చూసేది ఆ చెక్క ఎంత బాగా ఆరిందన్నది.

మన సీమ వాతావరణమే దీనికి కారణం. కడపలో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటి గాలిలోని తడినంతా లాగేస్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో అదే గాలి చెమ్మగిల్లుతుంది. చెక్క ఆ చెమ్మను పీల్చుకొని ఉబ్బుతుంది, ఎండలకు వదిలేసి కుదించుకుపోతుంది. ఈ కదలిక పొడవున లెక్కలోకి రానంత తక్కువ, అడ్డంగానే ఎక్కువ. అందులోనూ దుంగ వలయాల వెంబడి వచ్చే కదలిక వాటికి అడ్డంగా వచ్చేదానికి సుమారు రెట్టింపు. ఇంటి తలుపు కాస్త ఉబ్బితే చిత్రిక పట్టించి సరిచేసుకోవచ్చు. ఉంగరాల కోసం చేసిన అంగుళంన్నర లోతు సొరుగుకు పక్కన వదిలే సందు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు కనుక, పచ్చి చెక్కతో చేసినది ఒక వేసవి గడిచేసరికి వదులై వంకర తిరుగుతుంది; ఎండాకాలంలో మరీ బిగువుగా అమర్చినదైతే దీపావళి నాటికి ఇరుక్కుపోయి, లాగితే పిడి ఊడి వస్తుంది.

కొత్త టేకులో సౌకర్యాలు లేకపోలేదు. వెడల్పాటి పలకలు దొరుకుతాయి, రంగు ఒకే తీరున ఉంటుంది, ఆచారికి పని త్వరగా తెములుతుంది. అయితే మయన్మార్ (బర్మా) 2014లో టేకు దుంగల ఎగుమతిని నిషేధించింది కాబట్టి, బర్మా టేకు అన్న పేరు వినబడగానే నమ్మడం తగదు. తోటల్లో పెంచి చిన్న వయసులో కొట్టిన చెట్టులో చేవ, అంటే నడిమి గట్టి చెక్క తక్కువ, దాని చుట్టూ ఉండే తెల్ల చెక్క ఎక్కువ; పుచ్చు పట్టేది ఆ తెల్ల చెక్కకే. అంగుళం మందం పలక నీడన గాలికి ఆరడానికి సుమారు ఏడాది పడుతుందని కలప పనివారి లెక్క. వేడి గదిలో (కిల్న్) ఆరబెట్టిన చెక్కే అని దుకాణదారు చెబితే, తేమ కొలిచే మీటరు పెట్టి చూపించమని అడగండి: 10, 12 శాతం దగ్గర ఉంటే తీసుకోవచ్చు, 20 దాటితే వదిలేయవచ్చు.

నా మొగ్గు పాత టేకు వైపే. కూల్చిన మిద్దెల ద్వారబంధాలు, స్తంభాలు, దూలాలు పాత కలప దుకాణాల్లో దొరుకుతున్నాయి. సున్నం, రంగు పొరలు గీకేసి చిత్రిక పడితే, బూడిదరంగు పైచెక్క కింద నుంచి తేనెరంగు చేవ బయటపడుతుంది, ఇన్నేళ్ళ తర్వాత కూడా తోలు వాసనను తలపించే టేకు నూనె వాసన వేస్తుంది. దశాబ్దాలుగా సీమ ఎండలూ వానలూ చూసిన ఆ చెక్కలో ఇక మిగిలే కదలిక స్వల్పం. జాగ్రత్తలు మాత్రం తప్పవు. దూలాలన్నీ టేకువి కావు, వేపవి కూడా చాలా ఉంటాయి. విరిగి లోపల ఉండిపోయిన మేకులను అయస్కాంతంతో వెతికి తీయించాలి, మేకు చుట్టూ నల్లబడిన భాగాన్ని పక్కన పెట్టించాలి. మందపు దూలాన్ని కోసిన పలకలు కొత్తగా వంపు తిరుగుతాయి కనుక, వాటిని కొన్ని వారాలు మీ ఇంట్లోనే నిలబెట్టి, ఆ తర్వాతే కొలతలు వేయించాలి. కూలి ఎక్కువవుతుంది, ఆ కూలికి తగిన ఫలం ఉంటుందని నేను నమ్ముతున్నాను.

ఎర్రచందనం అడిగేవారు చాలామందే ఉన్నారు. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప సహజంగా మరెక్కడా పెరగని ఆ చెట్టు 1995 నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. అటవీ శాఖ పత్రాలు లేకుండా దాని చెక్కను ఇంట్లో ఉంచుకోవడం నేరం. పైగా దాని ఎరుపు స్పిరిట్‌లో కరుగుతుంది, స్పిరిట్‌లో కలిపిన లక్క పాలిష్ పూసేటప్పుడే కారి పక్కనున్న గుడ్డకు అంటుతుంది. రైల్వేకోడూరు దగ్గరి శెట్టిగుంట కళాకారులు చెక్కిన బొమ్మ ఒకటి రసీదుతో కొని పెట్టె మీద పెట్టుకుంటే ఆ ముచ్చట తీరుతుంది. ఏగిస చెక్క గట్టిదే కానీ తడి తగిలితే పసుపు రంగు వదులుతుంది. ప్లైవుడ్ జిగురు నుంచి వెలువడే ఆవిరి మూసిన సొరుగులో ముత్యాలకు మంచిది కాదు.

ఇనుప బీరువా చాలదా అంటే, పడమటి గోడకు ఆనించిన బీరువా వేసవిలో ఎంత వేడెక్కుతుందో చేయి పెట్టి చూడండి. లోపల లక్క నింపిన కెంపుల అడ్డిగలకు ఆ వేడి పడదు. తరచుగా వాడని బరువైన నగలకు బ్యాంకు లాకరే సరి, దాని గురించి వాదన లేదు.

సొరుగుల్లో పరచడానికి నూలు వెల్వెట్ వాడాలి. ఉన్నిలోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. రవ్వల దుద్దులకు విడి అర ఉండాలి, వజ్రం పక్కనున్న మెత్తని బంగారాన్ని గీరుతుంది. వడ్డాణం ఉన్నవారు దాని అడ్డుకొలతను చెక్క కొనక ముందే ఆచారికి చెప్పాలి. పాత దూలం నుంచి అంత వెడల్పు పలక రాదు కాబట్టి ఆ సొరుగు అడుగును రెండు మూడు ముక్కలు జతచేసి తయారుచేస్తారు. ఆ జతను చట్రానికి జిగురుతో అంటించకుండా గాడిలో వదులుగా నిలపమని చెప్పండి.