పేరాలున్న రచనను డేటాబేస్‌లో ఎట్లా పెట్టాలి: మార్క్‌డౌనా, హెచ్‌టీఎంఎలా?

అనంతపురం, కడప వైపు చిన్న పత్రికలకూ బడులకూ సైట్లు చేసే కుర్రవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మార్క్‌డౌన్ అంటే మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులు పెట్టి బోల్డు, శీర్షికల్లాంటివి చూపే పద్ధతి. హెచ్‌టీఎంఎల్ అంటే అదే పనిని ట్యాగులతో చేసే వెబ్ పేజీల భాష. పోయిన నెల అనంతపురంలో ఒక సాహిత్య బృందానికి సైటు కడుతూ నేనూ దీని దగ్గరే ఆగాను.

మొదట మార్క్‌డౌన్ పెట్టాను. 2004లో జాన్ గ్రూబర్ తెచ్చిన ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం, నా నోట్సన్నీ అందులోనే ఉన్నాయి. డేటాబేస్ తెరిచి చూసినా రచన రచనలాగే కనబడుతుంది. పాత ప్రతికీ కొత్త ప్రతికీ తేడా ఇట్టే దొరుకుతుంది. రాసేది ప్రోగ్రామరైతే ఇంకో ఆలోచన అక్కర్లేదు.

మా సైటులో రాసేవాళ్లు మాత్రం రిటైరైన అయ్యవార్లు, టైపు చేసేది ఫోన్లో. ఒకాయన ఆటవెలది పద్యం ఎక్కిస్తే నాలుగు పాదాలూ కలిసి ఒకే వాక్యంగా పరుచుకున్నాయి. మార్క్‌డౌన్‌లో ఒక్క ఎంటర్ లెక్కలోకి రాదు, పాదం చివర రెండు ఖాళీలు వదలాలి. కంటికి కనబడని ఖాళీల గురించి డెబ్బై ఏళ్ల మనిషికి ఏమని చెప్పేది? ఇంకొకాయనకు పేరా మొదట్లో నాలుగైదు ఖాళీలు వదిలే అలవాటు. నాలుగు ఖాళీలు కనిపిస్తే మార్క్‌డౌన్ దాన్ని ప్రోగ్రాం కోడ్ అనుకుంటుంది. ఆయన పేరా మొత్తం బూడిదరంగు డబ్బాలో, పక్కకు జరుపుకుంటూ చదవాల్సిన ఒకే పొడుగు వరుసగా వచ్చింది. "నాయనా, నేనేం తప్పు చేసినా?" అని ఫోన్ చేశారు. ఆయన ఏ తప్పూ చెయ్యలేదు. ఆ ఫోనుతోనే నా నిర్ణయం మారిపోయింది.

ఇప్పుడు వర్డ్‌లాగా బటన్లున్న ఎడిటర్ పెట్టి, హెచ్‌టీఎంఎల్‌నే దాస్తున్నాను. "పద్యం" అని ఒక బటన్ ఇచ్చాను, అది నొక్కితే ఎంటర్ కొట్టినప్పుడల్లా పాదం విరుగుతుంది. అయితే వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను వచ్చినట్టే దాచకండి. వర్డ్ నుంచి కాపీ చేస్తే ఫాంట్లు, రంగులు, పనికిరాని క్లాసులు బండెడు వస్తాయి. వాటి మాటున స్క్రిప్టు కూడా దూరగలదు. పేరా, వరుస విరుపు, బోల్డు, ఇటాలిక్, ఉపశీర్షిక, ఉల్లేఖనం: ఈ ఆరు ట్యాగులు ఉంచి మిగతావన్నీ సర్వర్‌లోనే తీసేస్తున్నాను. పీహెచ్‌పీలో ట్యాగులు తీసేసే స్ట్రిప్‌ట్యాగ్స్ ఫంక్షన్ ఒక్కటే నమ్ముకోవద్దు. ఉంచమన్న ట్యాగు లోపలున్న ఆన్‌క్లిక్ లాంటివాటిని, అంటే నొక్కగానే స్క్రిప్టు నడిపేవాటిని, అది ముట్టుకోదు. హెచ్‌టీఎంఎల్ ప్యూరిఫయర్ అనే లైబ్రరీ వాడండి.

ఏ రూపం ఎంచుకున్నా కాలమ్ సైజు చూసుకోండి. మైఎస్‌క్యూఎల్‌లో టెక్స్ట్ కాలమ్‌కు పట్టేది 65,535 బైట్లు. అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోటీ 3 బైట్లు, ఒత్తులూ గుణింతాలూ విడి గుర్తులే. "స్త్రీ" అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు. పాత సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్ (సైజు మించితే దాచకుండా తప్పు చూపే అమరిక) లేక, ఒక పెద్దకథ నా చేతుల్లోనే మాట మధ్యలో తెగిపోయింది. మీడియంటెక్స్ట్ పెట్టుకుంటే 16 ఎంబీ దాకా పడుతుంది.

జేసన్ బ్లాకులు (పేరా, శీర్షిక దేనికది విడి ముక్కగా దాచే పద్ధతి) అదే రచనను యాప్‌లోనూ చూపాల్సినవాళ్లకు బాగుంటాయి, మాకు ఆ అవసరం లేదు. పేరాకో రో పెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు. ఫార్మాటింగే వద్దంటే మామూలు టెక్స్ట్ దాచి, చూపేటప్పుడు వరుసలు విరిస్తే చాలు.

హెచ్‌టీఎంఎల్‌తో నిజమైన ఇబ్బంది వెతుకులాటలో ఉంది. ఎవరో "కొండారెడ్డి బురుజు"లో మొదటి అక్షరాన్ని మాత్రమే బోల్డు చేశారు. మాట మధ్యలో ట్యాగు దూరి, వెతికితే ఆ వ్యాసం దొరకలేదు. అందుకే ట్యాగులన్నీ తీసేసిన ఉత్త పాఠాన్ని ఇంకో కాలమ్‌లో పెట్టి, అందులోనే వెతికిస్తున్నాను. పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్‌జాయినర్ గుర్తును కూడా అక్కడే తీసేయాలి. లేకపోతే "కర్నూల్‌లో" అని ఒకరు ఆ గుర్తుతో రాసింది, ఇంకొకరు అది లేకుండా వెతికినప్పుడు చిక్కదు.