వైఫై పాస్‌వర్డ్ మార్పు: యాప్‌లోనా, రౌటర్ పేజీలోనా, ఆపరేటర్ చేతనా? ఏది మేలు?

"ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ మార్చాలి. కంపెనీ యాప్‌లో మారిస్తే సరిపోతుందా, ఆ 192.168 అంకెల పేజీలోకే వెళ్లాలా, ఇదంతా ఎందుకు, నెట్ పెట్టిన అబ్బాయికి ఫోన్ చేస్తే పోలేదా?" అనే ప్రశ్న విజయవాడ, గుంటూరు పాఠకుల నుంచి పదే పదే వస్తోంది. అడిగే సందర్భాలు కూడా దాదాపు ఒకే తీరున ఉంటాయి. కింది పోర్షన్‌లో అద్దెకున్నవారు ఖాళీ చేసి వెళ్లిపోయారు, పాస్‌వర్డ్ మాత్రం వారి ఫోన్లలోనే ఉండిపోయింది. బ్రాడీపేటలో ఇంటి పక్కనే హాస్టల్ ఉంది, సాయంత్రమయ్యేసరికి నెట్ నత్తనడక నడుస్తోంది. సత్యనారాయణపురం అపార్ట్‌మెంటులో ఎదురింటి పిల్లలు పరీక్షల సమయంలో ఒక్కసారి అడిగి తీసుకున్న పాస్‌వర్డ్ ఇప్పుడు అంతస్తు అంతటికీ తెలిసిపోయింది. పాస్‌వర్డ్ ఒకరి నుంచి మరొకరికి చేరడానికి ఇప్పుడు నోటితో చెప్పవలసిన అవసరం కూడా లేదు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్ వైఫై సెట్టింగులలో షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ వస్తుంది, చాలా ఫోన్లలో దాని కిందే పాస్‌వర్డ్ అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది.

సౌకర్యం దృష్ట్యా చూస్తే ఈ మూడు దారుల మధ్య తేడా పది నిమిషాలకు మించదు కనుక, సౌకర్యాన్ని బట్టి నిర్ణయించుకోవడం సరికాదని నా అభిప్రాయం. మార్పు పూర్తయిన తరువాత ఆ రౌటర్ పెట్టె మీద పెత్తనం ఎవరి చేతిలో ఉంటుందన్నదే ఇక్కడ అసలు సంగతి. ఈ ఒక్క కోణం నుంచి చూసినప్పుడు ఆ 192.168 అంకెల పేజీకే, అంటే రౌటర్ సెట్టింగుల పేజీకే నా ఓటు. మిగిలిన రెండు దారులకు కూడా వాటి వాటి సందర్భాలు ఉన్నాయి, వాటిని కూడా చెబుతాను.

రౌటర్‌కు ఉండే పాస్‌వర్డులు రెండు. మొదటిది ఫోన్, టీవీ వైఫైలో చేరడానికి అడిగేది, దీనిని అందరూ ఎరుగుదురు. రెండవది రౌటర్ సెట్టింగుల పేజీలోకి వెళ్లడానికి అడిగే అడ్మిన్ పాస్‌వర్డ్. రౌటర్‌ను ఒకసారి తిరగేసి చూడండి. అడుగున అంటించిన స్టిక్కర్ మీద వైఫై పేరు, పాస్‌వర్డ్, వాటి కింద చిన్న అక్షరాలతో లాగిన్ అడ్రసు, యూజర్ పేరు, ఇంకో పాస్‌వర్డ్ ఉంటాయి. చాలా పాత పెట్టెలలో ఆ యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ 'అడ్మిన్' అనే ఒకే మాట. వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివారూ ఆ లాగిన్ పేజీని తెరవగలరు. ఆ ఒక్క మాట కొట్టి లోపలికి వెళితే మీరు కొత్తగా పెట్టుకున్న వైఫై పాస్‌వర్డ్‌ను చదవవచ్చు, మార్చవచ్చు, అంతకంటే ముఖ్యంగా డీఎన్‌ఎస్ అడ్రసు, అంటే వెబ్‌సైటు పేరును దాని అసలు అంకెల చిరునామాగా మార్చి చెప్పే సర్వర్ అడ్రసు మార్చవచ్చు. డీఎన్‌ఎస్ మారిందంటే, బ్యాంకు వెబ్‌సైటు పేరు మీరు సరిగ్గానే టైపు చేసినా మీ కంప్యూటర్ వేరే చోటికి వెళ్లే ప్రమాదం ఏర్పడుతుంది. వైఫై పాస్‌వర్డ్ ఒక్కటే మార్చి అడ్మిన్ పాస్‌వర్డ్‌ను అలాగే వదిలేయడం వీధి తలుపుకు కొత్త తాళం వేసి పెరటి తలుపు గడియ తీసి ఉంచడం వంటిది. 2016లో ప్రపంచాన్ని కుదిపేసిన మిరాయ్ అనే వైరస్ లక్షల కెమెరాలను, వాటి దృశ్యాలను రికార్డు చేసే డీవీఆర్‌లను, ఇంటి రౌటర్లను పట్టుకున్నది గొప్ప తెలివితేటలతో ఏమీ కాదు. కంపెనీలు తయారీలోనే పెట్టి పంపిన యూజర్ పేర్లు, పాస్‌వర్డులు దాదాపు 60 జతలను వరుసగా ప్రయత్నించి లోపలికి వెళ్లింది.

ఇక మొదటి దారి, ఆపరేటర్ మనిషిని పిలవడం. మన ప్రాంతంలో ఇది చాలా మామూలు, ఎందుకంటే నెట్ కనెక్షన్లలో పెద్ద భాగం వీధి కేబుల్ ఆపరేటర్ల చేతుల మీదుగానే ఇళ్లకు చేరుతుంది. ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ పెట్టెలు కూడా వారి ద్వారానే వచ్చాయి. వచ్చినవారు పని తెలిసినవారే, మర్యాదస్థులే, వైరు తెగినా ఎర్ర లైటు వెలిగినా వారు రాకుండా గడవదు. అయితే పాస్‌వర్డ్ విషయంలో నాకు రెండు అభ్యంతరాలు ఉన్నాయి. రోజుకు ఎన్నో ఇళ్లు తిరిగే మనిషి తనకు గుర్తుండేలా, మీకు చెప్పడానికి తేలికగా ఉండేలా మీ ఫోన్ నంబరునే పాస్‌వర్డ్‌గా పెట్టి వెళతారు, అడ్మిన్ పాస్‌వర్డ్ మాత్రం ఆ వీధిలోని పెట్టెలన్నింటికీ ఒకటే ఉండే అవకాశం ఎక్కువ. మా బంధువుల ఇంట్లో రెండేళ్ల కిందట పెట్టిన పెట్టెకు ఇలాగే జరిగింది. వీధి చివరి ఇంటి పెట్టెను తెరిచే మాటే వీరి పెట్టెనూ తెరిచింది.

ఫోన్ నంబరును పాస్‌వర్డ్‌గా పెట్టుకునే అలవాటు గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే పది అంకెలు ఉన్నాయి కదా, ఎవరు కనిపెడతారని చాలామంది ధీమాగా ఉంటారు. వైఫైకి పాస్‌వర్డ్‌తో రక్షణ కల్పించే పద్ధతులలో ఇప్పటికీ ఎక్కువ ఇళ్లలో ఉన్నది 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2. ఒక ఫోన్ వైఫైలో చేరే క్షణంలో గాలిలో జరిగే సంకేతాల మార్పిడిని దగ్గరలో ఉన్నవారెవరైనా రికార్డు చేసుకోవచ్చు. ఆ తరువాత వారు తమ కంప్యూటర్ మీదనే తీరికగా ఒక్కొక్క పాస్‌వర్డ్‌ను ఊహించి సరిచూసుకోవచ్చు, అలా చూస్తున్నట్టు మీ రౌటర్‌కు తెలియనే తెలియదు. మన దేశంలో మొబైల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలవుతాయి కనుక మొత్తం కలిపి 400 కోట్లకు మించవు. మంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి సెకనుకు పది లక్షలకు పైగా ఊహలను సరిచూడగలదు. పది లక్షల లెక్కనే వేసుకున్నా 400 కోట్లు పూర్తి కావడానికి 4000 సెకన్లు, అంటే గంటకు కాస్త ఎక్కువ. మీ నంబరు తెలిసిన పొరుగువారికి ఆ గంట కూడా అక్కరలేదు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఇలా రికార్డు చేసుకుని ఇంటి దగ్గర ఊహించే పద్ధతికి అడ్డుకట్ట వేసింది, కానీ పాత పెట్టెలలో అది లేదు. పాస్‌వర్డ్ 8 నుంచి 63 అక్షరాల వరకు పెట్టుకోవచ్చు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలను, గోంగూర, పడవ, తిరగలి, ఉత్తరం వంటివాటిని, ఇంగ్లీషు చిన్న అక్షరాలతో కలిపి రాసుకుంటే చాలు. టీవీ రిమోట్‌తో కొట్టడానికి కూడా ఇవి తేలిక, గుర్తుల కోసం వెతుక్కోనక్కరలేదు. ఈ నాలుగింటినే మాత్రం వాడవద్దు, మీవి మీరు ఎంచుకోండి.

రెండవ దారి కంపెనీ యాప్. జియో, ఎయిర్‌టెల్ వంటి సంస్థల యాప్‌లలో వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చుకునే ఏర్పాటు ఉంది. దీని బలం దూరం నుంచి పనిచేయడంలో ఉంది. గుంటూరులో అమ్మానాన్నలు, అమెరికాలోనో హైదరాబాద్‌లోనో పిల్లలు ఉన్న ఇళ్లకు ఇది నిజంగా ఉపయోగపడుతుంది. యాప్‌లో నొక్కిన మార్పు కంపెనీ సర్వర్ ద్వారా ఇంటి పెట్టెకు చేరుతుంది కనుక రౌటర్ పక్కన ఎవరూ కూర్చోనక్కరలేదు. అయితే ఆ యాప్ ఓటీపీ ఎవరి ఫోన్‌కు వెళుతుందో చూసుకోవాలి. కనెక్షన్ ఇంటి యజమాని పేరున ఉండి మీరు అద్దెకు ఉంటున్నట్లయితే పెత్తనమంతా ఆయన ఫోన్‌లోనే ఉన్నట్టు లెక్క. నేను చూసిన కంపెనీ యాప్‌లు వైఫై పాస్‌వర్డ్ దగ్గరే ఆగిపోతాయి, అడ్మిన్ పాస్‌వర్డ్ జోలికి వెళ్లవు. నాకు యాప్ మీద ఉన్న అసంతృప్తి అంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే యాప్‌లో మార్చి పని అయిపోయిందనుకున్నవారు రెండవ తాళం సంగతి ఇక ఎప్పటికీ తలచుకోరు. బజారులో సొంతంగా కొనుక్కున్న రౌటర్లకు ఆయా తయారీదారులు ఇచ్చే యాప్‌లు, టీపీ-లింక్ వారి టెథర్ వంటివి, వేరే కోవలోకి వస్తాయి, రౌటర్ పేజీ చేసే పనులలో చాలా భాగం అవి కూడా చేస్తాయి.

మూడవ దారి రౌటర్ పేజీ. ఫోన్‌లో వైఫై వివరాల పేజీ తెరిస్తే గేట్‌వే అనే చోట ఉన్న అంకెలే దాని అడ్రసు. చాలా పెట్టెలకు అది 192.168.1.1 లేదా 192.168.0.1, జియో పెట్టెలకు 192.168.29.1. ఫోన్ నుంచి చేసేవారు మొబైల్ డేటాను ఆపివేయడం మంచిది, లేకపోతే కొన్ని ఫోన్లలో పేజీ తెరుచుకోక విసిగిస్తుంది. ల్యాప్‌టాప్‌ను లాన్ కేబుల్‌తో కలిపి చేయగలిగితే అన్నింటికంటే మేలు, ఎందుకంటే పాస్‌వర్డ్ మారిన క్షణంలోనే వైఫైలో ఉన్నవన్నీ బయటికి వచ్చేస్తాయి, కేబుల్ మీద ఉన్నది మాత్రం నిలుస్తుంది. లాగిన్ పేజీ సురక్షితం కాదని బ్రౌజరు హెచ్చరించవచ్చు. అడ్రసు మీ ఇంటి గేట్‌వేదే అయితే కంగారుపడనక్కరలేదు. లోపలికి వెళ్లాక మొదట మేనేజ్‌మెంట్ లేదా సిస్టమ్ టూల్స్ అనే చోట అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, మళ్లీ కొత్తదానితో లోపలికి వచ్చి చూసుకుని, ఆ తరువాతే వైర్‌లెస్ విభాగంలో వైఫై పాస్‌వర్డ్ మార్చాలి. రౌటర్ వైఫైని పంపే రెండు బ్యాండ్లు, అంటే 2.4, 5 గిగాహెర్ట్జ్ రెండింటికీ వేరువేరు గడులు ఉన్నప్పుడు చాలామంది ఒకటి మార్చి రెండవదాన్ని పాతదానితోనే వదిలేస్తారు. పాతవారు ఆ రెండవ పేరు మీద హాయిగా కొనసాగుతూ ఉంటారు.

అదే పేజీలో మరి రెండు పనులు పూర్తవుతాయి, ఈ దారి వైపు నేను మొగ్గు చూపడానికి ఇది కూడా ఒక కారణం. సెక్యూరిటీ అనే చోట డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 కలిసిన మోడ్ ఉంటే దానిని, లేకపోతే డబ్ల్యూపీఏ2 ఏఈఎస్‌ను ఎంచుకోవాలి. టీకేఐపీ అని ఉన్నది వద్దు, అది పాతబడిన బలహీనమైన పద్ధతి. డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత టీవీలు, కెమెరాలు చేరలేవు. ఆ తరువాత డబ్ల్యూపీఎస్‌ను, అంటే పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తో గానీ పిన్‌తో గానీ వైఫైలో చేరే ఏర్పాటును ఆపివేయాలి. దాని 8 అంకెల పిన్‌ను రౌటర్ రెండు ముక్కలుగా సరిచూస్తుందనీ, అందువల్ల గరిష్ఠంగా 11,000 ప్రయత్నాలతో దానిని పట్టుకోవచ్చనీ 2011లోనే బయటపడింది. పిన్ దొరికితే మీరు ఎంత గొప్ప పాస్‌వర్డ్ పెట్టినా అదే దానిని అప్పగిస్తుంది.

పోర్షన్లు అద్దెకు ఇచ్చేవారికి గెస్ట్ నెట్‌వర్క్ ఇంకా మంచి మార్గం. దానికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్ పెట్టి కింది వాటావారికి, వచ్చిపోయే చుట్టాలకు అదే ఇస్తే, ఒకరు ఖాళీ చేసినప్పుడు గెస్ట్ పాస్‌వర్డ్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది, ఇంట్లోని టీవీ, సీసీ కెమెరా, పిల్లల ల్యాప్‌టాప్ అన్నింటినీ మళ్లీ కలుపుకునే బాధ ఉండదు.

అడ్మిన్ పాస్‌వర్డ్ ఎంతకీ తెలియనప్పుడు రీసెట్ బటన్ నొక్కడం చివరి గత్యంతరం. కొన్ని పెట్టెలలో నెట్ కనెక్షన్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ కూడా చెరిగిపోయి, ఆపరేటర్ వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు. వైఫై పేరు దాచడం వల్ల, ఫోన్ల మ్యాక్ అడ్రసులతో, అంటే ప్రతి ఫోన్‌నూ నెట్‌వర్క్‌లో గుర్తించే నంబర్లతో జాబితా కట్టడం వల్ల ఈ విద్య తెలిసినవారిని ఆపలేం, తెలియనివారికి చిరాకు తప్ప.

ఇంత శ్రమ దేనికి, పొరుగువారు రెండు వీడియోలు చూసుకుంటే పోయేదేముందని కొందరు అంటారు. 2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు నిమిషాల ముందు వార్తా సంస్థలకు వెళ్లిన ఈమెయిల్ నవీ ముంబయిలో ఒక విదేశీయుడి ఇంటి వైఫై మీదుగా వెళ్లిందని తేలినప్పుడు, పోలీసులు ముందుగా వెళ్లింది ఆ ఇంటికే. బయటివారు చేసిన పని కూడా లోకానికి మీ ఇంటి కనెక్షన్ పేరు మీదనే కనిపిస్తుంది.

కొన్ని ఆపరేటర్ పెట్టెలలో వినియోగదారుకు పరిమితమైన యూజర్ లాగిన్ మాత్రమే ఇస్తారు, అసలు అడ్మిన్ లాగిన్ వారి దగ్గరే ఉంటుంది. అలాంటప్పుడు ఆపరేటర్ మనిషిని పిలిచి, మీరు పక్కన కూర్చుని, రెండు పాస్‌వర్డులూ మీ చేతితోనే టైపు చేస్తామని అడగండి. మర్యాదగా అడిగితే కాదనేవారు అరుదు. అడ్మిన్ లాగిన్ ఇవ్వడం కుదరదంటే, కనీసం ఈ పెట్టెకు మాత్రమే వేరే పాస్‌వర్డ్ పెట్టమని కోరండి. పిల్లలు దూరాన ఉన్న పెద్దవారి ఇళ్లలో, సంక్రాంతికి వచ్చినప్పుడు ఎవరో ఒకరు రౌటర్ పేజీ పనులన్నీ ముగించి వెళితే, ఆ తరువాత వైఫై పాస్‌వర్డ్ ఒక్కటీ మార్చవలసి వచ్చినప్పుడు యాప్ సరిపోతుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ రాసిన కాగితాన్ని రౌటర్ మీద అంటించకుండా, కరెంటు బిల్లులు, ఇంటి పన్ను రసీదులు ఉన్న ఫైలులో పెట్టి, అది ఎక్కడుందో ఇంట్లో ఇద్దరికి చెప్పి ఉంచండి.