ఏడు నిమిషాలకే గంట కొట్టారు: అనంతపురం గణిత సదస్సు, గుత్తి యాత్ర

ప్రాంతీయ గణిత సదస్సులకు వెళ్ళే లెక్చరర్లు, టీచర్లు, రీసెర్చ్ స్కాలర్లు ముందుగా ఒక పని చేయండి. బ్రోషర్‌లో "రిజిస్ట్రేషన్ ఫీజులోనే భోజనం, వసతి" అని ఉంటే, ఎన్ని రాత్రులకు, ఏ లాడ్జిలో, గదికి ఎంతమంది అని అడిగి వాట్సాప్‌లో రాయించుకోండి. నోటిమాట నమ్మొద్దు. నవంబరులో అనంతపురంలో మాకు ఎదురైంది మీకు ఎదురుకాకూడదని రాస్తున్నాను. అక్కడే ఒక జిల్లా పరిషత్ హైస్కూలు మాస్టారు చెప్పిన పాఠం గురించి కూడా నలుగురికీ చెప్పాలి. ఏళ్ళ తరబడి ఇలాంటి సభలకు తిరుగుతున్నా, అంత బాగా లెక్క చెప్పినవాళ్ళను నేను చూడలేదు. ఆయనకు వాళ్ళిచ్చిన టైము తలుచుకుంటే లాడ్జి కష్టం ఏపాటిది అనిపిస్తోంది.

మేం ముగ్గురం వెళ్ళాం. నేను గుంటూరులో డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్తాను. మా అక్క కూతురు గ్రాఫ్ థియరీలో (చుక్కలు, వాటిని కలిపే గీతల గణితం) పీహెచ్‌డీ చేస్తోంది, ఇదే దాని మొదటి పేపర్. మూడో మనిషి నాకు డిగ్రీలో చదువు చెప్పిన మాస్టారు, రిటైరై చాలాకాలమైంది. మోకాళ్ళ నొప్పులున్నా, గుత్తి చూడాలన్న కోరికతో బయల్దేరారు. ఆ సంగతి తర్వాత చెప్తాను. రాత్రి రైలు, స్లీపర్‌లో ముగ్గురికీ 885 రూపాయలు. టైముకే దించింది. పిల్ల మాత్రం కన్ను మూయలేదు, ఫోన్‌లో స్లైడ్లు చూసుకుంటూనే కూర్చుంది.

రిజిస్ట్రేషన్ ఫీజు మాస్టారికీ నాకూ 2,000 చొప్పున, స్కాలర్లకు 1,500. మొత్తం 5,500 ముందే కట్టేశాం. స్టేషన్ నుంచి ఆటోకి 80 ఇచ్చి, వాళ్ళు చెప్పిన లాడ్జికి వెళ్ళాం. బస్టాండు వెనక సందులో ఉంది. కౌంటర్ దగ్గర అబ్బాయి రిజిస్టర్ తిరగేసి, "మీ కాలేజోళ్ళు ఒక్క రాత్రికే చెప్పినారు మేడం, రెండో రాత్రిది మీరే కట్టాల" అన్నాడు. గదికి 1,100 రేటు. పైగా ఒక్కో గదికి 500 అడ్వాన్స్, ఆధార్ జిరాక్సులు మనమే తెచ్చుకోవాలి. నిర్వాహకులకు ఫోన్ చేస్తే, "గెస్టులు ఎక్కువైపోయారు మేడం, కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అని పెట్టేశారు.

గది సంగతి. దుప్పట్లు ఎవరో కప్పుకుని వదిలేసినవే, మడతపెట్టి ఉంచారు. గీజర్ కాలిపోయి నెలైందట, వేడినీళ్ళు కావాలంటే బకెట్ 30 రూపాయలు, అదీ ఉదయం ఆరు నుంచి ఏడు లోపే. బాత్రూమ్ తలుపుకు గడియ లేదు. ఒకరు లోపలికెళ్తే ఇంకొకరు బయట కాపలా. కిటికీ రెక్క మూసుకోదు. రాత్రి పదకొండున్నరకు ఎవరో తాగి వచ్చి మా తలుపు బాదారు. తప్పు గది అని తెలిసి వెళ్ళిపోయాడు గానీ, పిల్ల వణికిపోయింది. కింద కౌంటర్‌కి ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేడు. ఆడవాళ్ళకు వసతి ఇస్తామని డబ్బు తీసుకుని ఇలాంటి చోట దింపడం తప్పు. సర్దుకుపోవాల్సిన చిన్న లోటు కాదిది. మాస్టారికి మూడో అంతస్తు ఇచ్చారు, లిఫ్ట్ లేదు. ఆయన మాత్రం "రెండు రాత్రులేగా అమ్మా, గొడవెందుకు" అన్నారు.

తెల్లారగానే గొడవపడి ఖాళీ చేశాం. మా గది అడ్వాన్స్ 500లో 300 తిరిగిచ్చి, 200 'క్లీనింగ్ కింద' పట్టుకున్నారు. ఏం క్లీన్ చేశారో అడిగితే జవాబు లేదు. సప్తగిరి సర్కిల్ దగ్గర ఇంకో లాడ్జి దొరికింది. డబుల్ 1,650, సింగిల్ 1,200, రెండూ కింది అంతస్తులోనే. శుభ్రమైన పక్కలు, ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళు, లోపల గట్టి గడియ. డబ్బు కొంచెం ఎక్కువైనా ఆ ఏరియాలోనే దిగండి.

ఇక సదస్సు. పదింటికి అన్న ప్రారంభోత్సవం పదీ యాభైకి మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, ఆ తర్వాత శాలువాలు. వేదిక మీద ఉన్న ప్రతి ఒక్కరికీ శాలువా, పూలదండ, మెమెంటో, ఫోటో. పన్నెండూ నలభై దాకా అదే సాగింది. ఇంతా చేసి, గణిత శాస్త్రవేత్త ఎం.ఎస్. రఘునాథన్ పేరు ఒక్కరి నోటా రాలేదు. ఆయన పుట్టింది ఆ ఊళ్ళోనే, 1941లో. 2010లో హైదరాబాదులో అంతర్జాతీయ గణిత మహాసభ జరిగితే దాని నిర్వహణ కమిటీకి అధ్యక్షుడు ఆయనే. మాస్టారు ఆ మహాసభకు వెళ్ళారు. అక్కడ విశ్వనాథన్ ఆనంద్ ఒకేసారి నలభై మందితో చెస్ ఆడటం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు చెప్తారు. రఘునాథన్ మీ ఊరివాడేనని అనంతపురం పిల్లలకు చెప్పాల్సిన మొదటి మాట కదా అని పక్కన కూర్చుని నొచ్చుకున్నారు.

ప్రారంభోత్సవం మింగిన రెండు గంటలు ఎవరి టైములోంచి కోస్తారు? పెద్దల ప్రసంగాల్లోంచి కోయలేదు. స్కాలర్ల పదిహేను నిమిషాలు ఐదయ్యాయి. 'బోధన' సెషన్‌లో టీచర్ల ఇరవై నిమిషాలు ఏడయ్యాయి.

కీలకోపన్యాసం మంచిదే. సంఖ్యా విభజనల మీద, అంటే ఒక సంఖ్యను ఎన్ని రకాలుగా ముక్కలు చేయొచ్చన్న దాని మీద, ఒక ప్రొఫెసర్ మాట్లాడారు, విషయం బాగా తెలిసిన మనిషి. కానీ హాల్లో నల్లబల్ల లేదు. అరవై డెబ్భై స్లైడ్లు పరిగెత్తాయి. వెనక బెంచీల్లో ఎమ్మెస్సీ పిల్లలు ఒక సూత్రం సగం రాసుకునేలోపు రెండోది వచ్చేసేది. గణితం వినిపించే హాల్లో సుద్దముక్క ఉండాలి. రాసే వేగానికే బుర్ర ఎక్కించుకోగలదు.

మా పిల్ల సెషన్‌కు పట్టుమని పదిమంది లేరు. విషయం డామినేషన్ నంబర్. ఊళ్ళో కూడళ్ళన్నిటిమీదా కన్నుండాలంటే, పక్క కూడలి కూడా కనిపించేలా కనీసం ఎంతమంది పోలీసుల్ని నిలబెట్టాలి అన్న ప్రశ్నతో మొదలుపెట్టడానికి నెలరోజులు తయారైంది. ఆ ప్రశ్న పూర్తయ్యేలోపే, "డైరెక్ట్‌గా కన్‌క్లూజన్ స్లైడ్‌కి వెళ్ళమ్మా" అన్నారు. వెళ్ళింది. సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. బయటికొచ్చి "పిన్నీ, ఎవరూ ఏమీ అడగలేదు" అంది. మధ్యాహ్నం భోజనం ముట్టలేదు. మొదటి పేపర్ చదివే పిల్లలకు ఒక్క ప్రశ్న అడిగే మనిషైనా ఉండేలా చూడటం నిర్వాహకుల బాధ్యత.

ఆ తర్వాత వచ్చారు కదిరి వైపు నుంచి ఆ హైస్కూలు మాస్టారు. చేతిలో ల్యాప్‌టాప్ లేదు. ఒక కవర్ నిండా చెనిక్కాయ గింజలు, భోజనాల దగ్గర అడిగి తెచ్చుకున్న ఐదు పేపర్ ప్లేట్లు. ప్లేట్ల మీద స్కెచ్ పెన్నుతో 0, 1, 2, 3, 4 అని రాసి టేబుల్ మీద వరసగా పెట్టారు. ముందు వరసలో వాళ్ళను లేచి చుట్టూ నిలబడమన్నారు.

"నాలుగు గింజలు. వరసలుగా పేర్చండి. కింది వరస పై వరసకన్నా పొడవు కాకూడదు. ఎన్ని రకాలు?" నాలుగూ ఒకే వరస. మూడు, ఒకటి. రెండు, రెండు. రెండు, ఒకటి, ఒకటి. ఒకదాని కింద ఒకటిగా నాలుగు. ఐదు రకాలు. "ఇప్పుడు ప్రతి రకంలో పెద్ద వరసలో గింజలెన్నో చూసి, అందులోంచి వరసల సంఖ్య తీసేయండి." 3, 1, 0, మైనస్ 1, మైనస్ 3 వచ్చాయి. మొదటి మూడూ ఆ అంకెలున్న ప్లేట్లలోకి వెళ్ళాయి. మైనస్ 1 ఎక్కడికి? "సున్నా నుంచి వెనక్కి ఒక అడుగు వేయండి. వెనక ప్లేటు లేదు కాబట్టి చివరికి చుట్టుకు రండి." 4 దగ్గర ఆగింది. మైనస్ 3 అలాగే 2 దగ్గర ఆగింది. ఐదు ప్లేట్లు, ఒక్కోదాంట్లో కచ్చితంగా ఒక్కో రకం. ఖాళీ ప్లేటు లేదు, రెండు పడ్డ ప్లేటూ లేదు.

హాలంతా ఒక్కసారి చప్పట్లు. కీలకోపన్యాసం స్లైడ్లలో పరిగెత్తిపోయిన విషయమే ఇది. 4కి 5 రకాలు, 9కి 30, 14కి 135, 19కి 490. ఇలా 4 నుంచి ఐదేసి పెంచుకుంటూ పోతే రకాల సంఖ్య ఎప్పుడూ ఐదుతో భాగింపబడుతుందని రామానుజన్ నిరూపించారు. ఆ ఐదు సమాన వాటాలు ఎలా వస్తాయో 1944లో ఇంగ్లండుకు చెందిన ఫ్రీమన్ డైసన్ ఈ తీసివేతతో ఊహించాడు. అది నిజమని అట్కిన్, స్విన్నర్టన్-డయ్యర్ 1954లో తేల్చారు. 9కి ముప్ఫై రకాలూ పేరిస్తే ప్లేటుకు ఆరు పడతాయి. ఎనిమిదో తరగతి పిల్లలకు రుణసంఖ్యలు ఇలాగే నేర్పుతారట ఆ హైస్కూలు మాస్టారు. సున్నాకు వెనక ఏముందో వేలితో తడిమి చూశాక మైనస్ గుర్తంటే భయం పోతుందని చెప్పారు.

"ఏడు ప్లేట్లకీ ఇదే కిటుకు పనిచేస్తుంది. పదకొండుకు మాత్రం చేయదు, ఎందుకంటే..." అన్నారో లేదో గంట కొట్టారు. మాకు వినాలనుందని చెప్పినా, సెషన్ చూస్తున్న పెద్దమనిషి, "స్కూలు ఆటలకు ఇంతకన్నా టైము లేదు" అన్నారు. రాత్రి లాడ్జిలో నోరెత్తని మా మాస్టారు అప్పుడు లేచి నిలబడ్డారు. "రెండు గంటలు శాలువాలకు ఉందా?" అని గట్టిగానే అడిగారు. జవాబు రాలేదు.

మేం పదిహేనుమందిమి బయట వేపచెట్టు కింద చేరాం. పదకొండు ప్లేట్లు, ఆరు గింజలు. ఆరుకు పదకొండు రకాలు వస్తాయి. పేర్చి తీసివేస్తూ పోతే 4, 7 ప్లేట్లు ఖాళీగా మిగిలాయి, 1, 10 ప్లేట్లలో రెండేసి పడ్డాయి. వేరే ఏదో కొలత ఉండాలని డైసన్ అప్పుడే అన్నాడు, దాన్ని ఆండ్రూస్, గార్వన్ 1988లో కనిపెట్టారు. ఇదంతా కదిరి మాస్టారు చెట్టుకింద నిలబడి గంటసేపు చెప్పారు. మా పిల్ల నేలమీద కూర్చుని గింజలు పేరుస్తూ, తన గ్రాఫుల ప్రశ్న కూడా అడిగింది. ఆయన మూడు ప్రశ్నలు తిరిగి వేశారు. రాత్రి దానికి ఆకలేసింది.

తిండి విషయంలో అనంతపురానికి వంక పెట్టలేం. సదస్సు భోజనానికి క్యూ పొడవు, సాంబారు చల్లన, అక్కడికి వదిలేయండి. పొద్దున్నే బండి మీద ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినండి. ప్లేటు 40. మరమరాలు సరిగ్గా తడిసి, పైన పుట్నాల పొడి వాసన. ఓళిగలు ఒక్కోటి 25, పెనం మీద నుంచి తీసినవే అడగండి, నెయ్యి వేయమంటే ఇంకో 5.

మర్నాడు రెండో రోజు సన్మాన సభ ఎగ్గొట్టి గుత్తి వెళ్ళాం. ఎక్స్‌ప్రెస్ బస్సులో ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్, మాస్టారికి 90. బస్టాండు నుంచి కోట దగ్గరికి ఆటో 100 అడుగుతారు, 70కి వస్తారు. కోట ఎక్కడానికి ఓపిక, నీళ్ళు రెండూ కావాలి. పైన దుకాణాలేమీ లేవు. మరాఠా సర్దారు మురారిరావు కూర్చునేవాడని చెప్పే మండపం దాకా నేనూ పిల్లా ఎక్కాం, అక్కడి నుంచి ఊరంతా కనిపిస్తుంది. మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో చనిపోతే ముందు పాతిపెట్టింది గుత్తిలోనే, తర్వాత మద్రాసుకు తరలించారు.

కానీ మాస్టారు వచ్చింది కోట కోసం కాదు. 1906 డిసెంబరు 25న, గుత్తిలో డిప్యూటీ కలెక్టర్‌గా ఉన్న వి. రామస్వామి అయ్యర్ కొందరు మిత్రులకు ఉత్తరం రాశారు. మనకంటూ ఒక గణిత సంఘం ఉండాలి, ఒక్కరం కొనుక్కోలేని పుస్తకాలు, పత్రికలు అందరం కలిసి తెప్పించుకుందాం అని. 1907 ఏప్రిల్‌లో 'అనలిటిక్ క్లబ్' పుట్టింది. అదే ఇప్పటి ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీ. 1910లో ఉద్యోగం కోసం తిరుగుతున్న రామానుజన్ నోటుపుస్తకాలు పట్టుకుని వెళ్ళింది ఈ రామస్వామి అయ్యర్ దగ్గరికే. తర్వాత నెలకు 25 రూపాయలు ఇచ్చి ఆదుకున్నది నెల్లూరు కలెక్టర్ ఆర్. రామచంద్రరావు. 1911లో రామానుజన్ మొదటి పరిశోధనా వ్యాసం అచ్చైంది కూడా ఆ సంఘం పత్రికలోనే. ఆ సంఘానికి మూలం ఈ ఊరి నుంచి వెళ్ళిన ఉత్తరం. మేం అడిగినచోట ఎవరికీ ఆ పేరు తెలియలేదు, తిరిగినంత మేరా ఒక్క బోర్డూ కనిపించలేదు. మాస్టారు ముఖం చిన్నబోయింది. అనంతపురంలో సదస్సు పెట్టేవాళ్ళు ఒక్క శాలువా ఖర్చుతో ఇక్కడ ఒక పలక పెట్టించవచ్చు.

మధ్యాహ్నం గుత్తిలోనే రాగి సంగటి, ఊరిబిండి, పప్పు తిన్నాం, మనిషికి 120. ఈ ప్రయాణం మొత్తంలో మంచి భోజనం అదే.

ఇంటికొచ్చాక నిర్వాహకులకు ఉత్తరం రాశాను. వసతి డబ్బు తిరిగివ్వాలని, వచ్చేసారి బోధన సెషన్ మొదటిరోజు పొద్దున్నే, సన్మానాలకు ముందు పెట్టాలని, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు తగ్గకూడదని, హాల్లో నల్లబల్ల ఉండాలని. 1,100 ఖాతాలో పడింది. మిగతావాటికి జవాబు రాలేదు. కదిరి మాస్టారిని డిసెంబరు 22న, జాతీయ గణిత దినోత్సవానికి మా కాలేజీకి రమ్మన్నాం. రైలు ఛార్జీ, మంచి గది మావే. ఆయనకు రెండు గంటల టైము ఇస్తున్నాం, గంట కొట్టే మనిషిని పెట్టడం లేదు.