రెండో లెన్స్ కొంటారా? అయితేనే మిర్రర్‌లెస్

మిర్రర్‌లెస్ కెమెరా (లెన్స్ మార్చుకోగలిగేది) కొనాలా, కాంపాక్ట్ (లెన్స్ బిగించే ఉండే చిన్న కెమెరా) కొనాలా అని మా చెల్లెలు అడిగినప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. నా దగ్గర రెండూ ఉన్నాయి, మూడేళ్లుగా రెండూ వాడుతున్నాను. అయినా ఆగాను. ఎందుకంటే నేను మొదట కొన్నప్పుడు అందరూ చెప్పింది ఒకటే మాట, "సెన్సార్ పెద్దదైతే ఫొటో బాగుంటుంది, మిర్రర్‌లెస్ తీసేసుకో" అని. సెన్సార్ అంటే ఫిల్ము స్థానంలో వెలుగుని పట్టుకునే పలక. ఆ మాట అబద్ధం కాదు గానీ సగం నిజమే. మిగతా సగం నాకు అర్థం కావడానికి ఏడాదిన్నర పట్టింది. కొనబోయేవాళ్లకు అంత ఆలస్యం కాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

నా దగ్గరున్నవి ఇవి. ఒకటి ఏపీఎస్-సీ అనే మధ్య సైజు సెన్సార్ ఉన్న మిర్రర్‌లెస్ బాడీ, పెట్టెలో దాంతోపాటే వచ్చిన 16-50 కిట్ లెన్స్, తర్వాత విడిగా కొన్న 56 ఎంఎం ఎఫ్/1.4 ప్రైమ్ లెన్స్, అంటే జూమ్ లేనిది. రెండోది ఒక అంగుళం సెన్సార్ ఉన్న కాంపాక్ట్, 24-70 జూమ్, ఎఫ్/1.8-2.8. (ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరపువి దగ్గరగా కనిపిస్తాయి, ఎఫ్ పక్క అంకె తగ్గేకొద్దీ లెన్స్ ఎక్కువ వెలుగు వదులుతుంది. 24-70 అన్నది ఫుల్ ఫ్రేమ్, అంటే పాత 35 ఎంఎం ఫిల్ము సైజు సెన్సార్ లెక్క. ఏపీఎస్-సీ లెన్స్ అంకెల్ని ఒకటిన్నరతో గుణిస్తే అదే లెక్కలోకి వస్తాయి, కాబట్టి 16-50 కూడా దాదాపు అంతే.) ఇవి ఏ కంపెనీవన్నది ఇక్కడ ముఖ్యం కాదు, ఈ తరగతి కెమెరాలన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి. (ఒక అంగుళం అని పేరే గానీ కొలిస్తే అంగుళం రాదు. పాత వీడియో కెమెరాల్లో ఉండే గాజు ట్యూబు బయటి కొలతను బట్టి వచ్చిన పేరది. అసలు సెన్సార్ 13.2 × 8.8 ఎంఎం మాత్రమే. అలాగే మిర్రర్‌లెస్ అంటే పాత తరహా ఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ఉండే అద్దం తీసేసినది అని అర్థం, 2008లో పానసోనిక్ జీ1తో మొదలైంది. ఆ మాటకొస్తే కాంపాక్ట్‌లోనూ అద్దం లేదు. అసలు తేడా లెన్స్ మార్చగలమా లేదా అన్నదే.)

నా మొత్తం అభిప్రాయం ఆ చివరి మాటలోనే ఉంది. లెన్స్ మార్చే ఉద్దేశం లేకపోతే, పెట్టెలో వచ్చిన కిట్ లెన్స్‌తోనే ఏళ్ల తరబడి గడిపేస్తాం అనుకుంటే, మిర్రర్‌లెస్ కొనకండి. మంచి కాంపాక్ట్ కొనండి.

ఇది విని చాలామంది ఒప్పుకోరు, మా చెల్లెలూ ఒప్పుకోలేదు. "అదేంటన్నయ్యా, దాని సెన్సార్ మూడు రెట్లు పెద్దది కదా" అంది. నిజమే, ఏపీఎస్-సీ సెన్సార్ సుమారు 23.5 × 15.6 ఎంఎం ఉంటుంది, వైశాల్యం లెక్కేస్తే ఒక అంగుళం సెన్సార్ కంటే మూడు రెట్లకు కాస్త ఎక్కువ. కానీ సెన్సార్ ఎంత పెద్దదైనా, లెన్స్ లోపలికి వదిలిన వెలుగే కదా దాని మీద పడేది. కిట్ లెన్స్ జూమ్ చేయకముందు ఎఫ్/3.5, పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6. నా కాంపాక్ట్ లెన్స్ అవే చోట్ల ఎఫ్/1.8, ఎఫ్/2.8. ఎఫ్/5.6 నుంచి ఎఫ్/2.8కి వస్తే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు), అంటే సెన్సార్‌లో ప్రతి చదరపు మిల్లీమీటరు మీదా నాలుగు రెట్లు వెలుగు. ఒకవైపు సెన్సార్ మూడు రెట్లు పెద్దది, ఇంకోవైపు లెన్స్ నాలుగు రెట్లు ఎక్కువ వెలుగు ఇస్తోంది. కలిపి చూస్తే రెండూ దాదాపు సమానం, కాంపాక్టే ఒక పిసరు ముందుంటుంది. ఫుల్ ఫ్రేమ్‌లోకి మార్చి చెప్పాలంటే, కిట్ లెన్స్‌తో మిర్రర్‌లెస్ ఎఫ్/5.3 నుంచి 8.4 దాకా, కాంపాక్ట్ ఎఫ్/4.9 నుంచి 7.6 దాకా పనిచేస్తున్నట్టు. వెనక బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ అయ్యేదీ ఇదే లెక్క మీద ఆధారపడుతుంది, కాబట్టి "మిర్రర్‌లెస్ కొంటే వెనకంతా మెత్తగా కరిగిపోతుంది" అని ఆశపడి కిట్ లెన్స్‌తో తీసినవాళ్లకు నిరాశే మిగులుతుంది. నాకు మిగిలింది.

ఈ లెక్క నాకు కాగితం మీద తెలియలేదు, ఒక స్టేజి కింద తెలిసింది. మా మేనకోడలి డాన్స్ ప్రోగ్రాం, హాల్లో లైట్లు తక్కువ, పిల్లలు ఒక్క క్షణం నిలబడరు. కదలిక ఆగాలంటే షట్టర్ వేగం కనీసం 1/250 సెకను ఉండాలి. కిట్ లెన్స్ పూర్తిగా జూమ్ చేసి ఎఫ్/5.6 దగ్గర తీస్తే ఐఎస్ఓ (తక్కువ వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపుతోందో చెప్పే అంకె) 12800కి వెళ్లిపోయింది. ఇంటికొచ్చి చూస్తే మొహాల మీదంతా నాయిస్ (ఇసుక చల్లినట్టు చుక్కలు), జుట్టు ఒక ముద్దలా ఉంది. పెద్ద కెమెరా పట్టుకెళ్లి ఇవా తెచ్చింది అనిపించింది. ఆర్నెల్ల తర్వాత అదే హాల్లో అదే పిల్లలు, అప్పటికి కాంపాక్ట్ కొన్నాను, ఎఫ్/2.8 దగ్గర ఐఎస్ఓ 3200. నాయిస్ పక్కపక్కన పెట్టి చూస్తే రెంటికీ తేడా చెప్పడం కష్టం. ఆ తర్వాత 56 ఎంఎం ఎఫ్/1.4 కొని మూడోసారి వెళ్లాను. ఎఫ్/5.6తో పోలిస్తే నాలుగు స్టాపులు, పదహారు రెట్ల వెలుగు. ఐఎస్ఓ 800. అదే బాడీ, అదే సెన్సార్, అదే హాలు. ఆ పాప కనురెప్పల వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించాయి. ఆ ఫొటో మా అక్క ఫ్రేం కట్టించి హాల్లో పెట్టుకుంది.

కాబట్టి మిర్రర్‌లెస్ డబ్బంతా రెండో లెన్స్‌లో ఉంది. బాడీకి ఖర్చు పెట్టేసి లెన్స్‌కి వచ్చేసరికి చేతులెత్తేసేవాళ్లను చాలామందిని చూశాను. పాత మోడల్ బాడీ తీసుకుని, మిగిలిన డబ్బుతో ఒక ఎఫ్/1.4 గానీ ఎఫ్/1.8 గానీ ప్రైమ్ తీసుకుంటే ఎంతో మేలు. అసలు కిట్ లెన్స్ లేకుండా బాడీ ఒక్కటే అమ్ముతారా అని అడగండి.

అయితే ఒక విషయంలో కిట్ లెన్స్‌తో ఉన్న మిర్రర్‌లెస్ కూడా నా కాంపాక్ట్‌ని దాటేస్తుంది, అది ఫోకస్. ఆ రెండో ప్రోగ్రాంలో కాంపాక్ట్ ఇచ్చిన ఫొటోలు బాగున్నాయన్నాను గానీ, పదిలో నాలుగే షార్ప్‌గా వచ్చాయి. తక్కువ వెలుగులో లెన్స్ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటూ ఉండిపోయేది, ఆలోగా పాప ఆ భంగిమ వదిలేసేది. మిర్రర్‌లెస్‌లో కన్నుని పట్టుకుని వదలని ఫోకస్ ఉంది, మనిషి అటు తిరిగి ఇటు తిరిగినా దాని పని అది చేసుకుపోతుంది. కొత్త కాంపాక్టుల్లో కొన్నిటికి ఇదీ వచ్చింది, 2019లో వచ్చిన సోనీ ఆర్ఎక్స్100 సెవెన్‌లో ఫోకస్ చాలా వేగంగా ఉంటుంది. పాత కాంపాక్ట్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తున్నవాళ్లు మాత్రం, పరుగెత్తే పిల్లలు, కుక్కలు, ఆటలు ఇవే మీ సబ్జెక్ట్ అయితే దాని జోలికి పోకండి.

ఇక కాంపాక్ట్ ఎక్కడ గెలుస్తుందంటే, అది మన దగ్గర ఉంటుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కాదు. ఒక నెల పాటు నేను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుని చూశాను. మిర్రర్‌లెస్ ఇంట్లోంచి బయటికొచ్చింది నాలుగు రోజులు, కాంపాక్ట్ ఇరవై ఆరు రోజులు. మిర్రర్‌లెస్‌కి బ్యాగు కావాలి, బ్యాగు వేసుకోవాలంటే ఫొటోలు తీయడానికి వెళ్తున్నాను అని ముందే నిర్ణయించుకోవాలి. కాంపాక్ట్‌కి ఆ నిర్ణయం అక్కర్లేదు, తాళాలు, పర్సుతో పాటు జేబులో పడిపోతుంది. వాన వెలిసాక రోడ్డు మీద పడిన వెలుగు, బస్సు కిటికీ దగ్గర నిద్రపోతున్న ముసలాయన, ఇవన్నీ ఆ ఇరవై ఆరు రోజుల్లోనివి.

ఇంకోటి, దాని ముందు మనుషులు బిగుసుకుపోరు. పెద్ద లెన్స్ ఎత్తగానే మా నాన్న చొక్కా సర్దుకుని నిటారుగా నిలబడతారు, కాంపాక్ట్ ఎత్తితే మాట్లాడుతూనే ఉంటారు. షట్టర్ లెన్స్‌లోనే ఉంటుంది కాబట్టి చప్పుడు దాదాపు రాదు. నాన్న నవ్వుతున్న ఫొటోలన్నీ కాంపాక్ట్‌లోనే ఉన్నాయి, ఒక్కటీ మిర్రర్‌లెస్‌లో లేదు.

దాని ఇబ్బందులు కూడా చెప్పాలి. బ్యాటరీ చిన్నది, ఈ తరగతిలో చాలావాటికి ఒక చార్జికి రెండు మూడు వందల ఫొటోలే, రెండో బ్యాటరీ కొనకుండా ప్రయాణం పెట్టుకోకండి. ఎండలో వెనక స్క్రీన్ కనిపించదు, వ్యూఫైండర్ (కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ) లేని మోడల్ అయితే మధ్యాహ్నం పూట ఊహించుకుని నొక్కాల్సిందే, అందుకే వ్యూఫైండర్ ఉన్నదే తీసుకోండి అని గట్టిగా చెప్తాను. ఇక దుమ్ము. జూమ్ లెన్స్ బయటికీ లోపలికీ కదిలినప్పుడల్లా గాలి లాగుతుంది, ఆ గాలితో జేబులోని నూగు కూడా. నా కాంపాక్ట్ సెన్సార్ మీద రెండో ఏడు ఒక మచ్చ వచ్చింది, ఆకాశం తీసిన ప్రతి ఫొటోలో ఎడమవైపు పైన బూడిదరంగు చుక్క. మిర్రర్‌లెస్ అయితే లెన్స్ తీసి బ్లోవర్‌తో రెండుసార్లు ఊదితే పోతుంది. కాంపాక్ట్ మనం విప్పలేం. సర్వీస్‌కి ఇస్తే మూడు వారాలు పట్టింది. అప్పట్నుంచి చిన్న గుడ్డ సంచిలో పెట్టాకే జేబులో వేస్తున్నాను. లెన్స్ మెకానిజం పాడైతే మిర్రర్‌లెస్‌లో పోయేది ఒక లెన్సే, ఇక్కడ కెమెరా మొత్తం పక్కన పెట్టాలి.

ఎక్కువ జూమ్ కావాలనుకునేవాళ్లకు లెక్క వేరే. ఇందాక చెప్పిన ఆర్ఎక్స్100 సెవెన్‌లో 24 నుంచి 200 దాకా జూమ్ ఉంది, బరువు 302 గ్రాములు. దాదాపు అంత రేంజి మిర్రర్‌లెస్‌లో కావాలంటే, ఉదాహరణకి సోనీ ఏ6400 బాడీ 403 గ్రాములు, 18-135 లెన్స్ 325 గ్రాములు, కలిపి 728. రెండింతల కంటే ఎక్కువ. కానీ ఇక్కడ వెలుగు లెక్క తిరగబడుతుంది, ఆ కాంపాక్ట్ లెన్స్ ఎఫ్/2.8-4.5 కాబట్టి మిర్రర్‌లెస్ ఒక స్టాప్ ముందుంటుంది. పగటిపూట తిరిగేవాళ్లకు ఆ ఒక్క స్టాప్ కోసం 426 గ్రాములు ఎక్కువ మోయడం అనవసరం అంటాను. సాయంత్రాలు, లోపలి గదులు ఎక్కువైతే మోయండి.

పెద్ద సెన్సార్ కాంపాక్టులు ఇంకో దారి. రికో జీఆర్ త్రీలో ఏపీఎస్-సీ సెన్సారే ఉంది, బ్యాటరీతో కలిపి 257 గ్రాములు, నిజంగా చొక్కా జేబులో పడుతుంది, కానీ 28 ఎంఎంకి సమానమైన లెన్స్ ఒక్కటే, జూమ్ లేదు, లోపల ఫ్లాష్ లేదు, వ్యూఫైండర్ లేదు. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100 సిక్స్ 521 గ్రాములు, 35 ఎంఎంకి సమానమైన ఎఫ్/2 లెన్స్, చాలా అందమైన వస్తువు, కానీ జేబులో పట్టదు. ఒకే దూరం నుంచి చూడటం అలవాటున్నవాళ్లకు ఇవి ప్రాణం. మొదటి కెమెరాగా మాత్రం నేను సలహా ఇవ్వను. ముందు మీ ఫోన్‌లో రెండు వారాలు జూమ్ ముట్టుకోకుండా తీసి చూడండి. చిరాకు వస్తే ఇవి మీకు కావు.

వీడియో గురించి ఎక్కువ చెప్పను, నేను తీసేది తక్కువ. మైకు పెట్టి గంటలు తీసేవాళ్లు మిర్రర్‌లెస్ వైపే వెళ్లండి, చిన్న బాడీలు వేడెక్కుతాయి, కొన్ని పాత కాంపాక్టుల్లో 4కే వీడియో ఒకసారికి అయిదు నిమిషాలకే ఆగిపోతుంది.

ఫోన్ ఉండగా కాంపాక్ట్ ఎందుకు అని అడుగుతారు. 2022లో షావోమీ 12ఎస్ అల్ట్రాలోనే ఒక అంగుళం సెన్సార్ వచ్చేసింది కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. అంత మంచి ఫోన్ మీ దగ్గర ఉండి, మీరు తీసేవన్నీ దగ్గరి వస్తువులు, వైడ్ ఫొటోలు అయితే కాంపాక్ట్ వద్దు. 70 ఎంఎం దాకా నిజమైన జూమ్, చేతికి తగిలే షట్టర్ బటన్, ఫోన్ కాల్స్ రాని పరికరం కావాలంటేనే కొనండి.

చివరికి మా చెల్లెలికి రెండు కెమెరాలూ చెరో వారం ఇచ్చాను. వాళ్లబ్బాయికి రెండేళ్లు, తను తీసిన వాటిలో ముప్పావు వంతు వాడు సాయంత్రం ఇంట్లో పరుగెడుతున్నవే. అది చూశాక ఇంకేం ఆలోచించలేదు, సెకండ్ హ్యాండ్ బాడీ ఒకటి, 30 ఎంఎం ఎఫ్/1.4 ఒకటి, అంతే. కిట్ లెన్స్ కొననివ్వలేదు. నాన్నకి మాత్రం జూమ్ ఉన్న కాంపాక్టే చెప్పాను, ఆయన లెన్స్ మార్చరు, నాకు తెలుసు.

చెల్లెలు కొనేటప్పుడు నేను చూసినవి మీకూ పనికొస్తాయి. సెకండ్ హ్యాండ్ కెమెరా ఏదైనా సరే, అపెర్చర్ (లెన్స్ లోపల వెలుగు వచ్చే రంధ్రం) వెళ్లగలిగినంత చిన్నదిగా, అంటే ఎఫ్ అంకె పెద్దదిగా పెట్టి, తెల్లగోడని కావాలనే ఫోకస్ తప్పించి ఒకటి, ఆకాశాన్ని ఒకటి తీసి, పెద్దది చేసి మూలమూలా చూడండి. మిర్రర్‌లెస్‌లో చుక్క కనిపిస్తే ఊదాక మళ్లీ తీయండి, పోతే సరే. కాంపాక్ట్‌లో కనిపిస్తే బేరం ఆడకండి, వదిలేయండి. జూమ్‌ని పదిసార్లు ముందుకీ వెనక్కీ నడిపి చెవి దగ్గర పెట్టుకుని వినండి, గరగరమంటే అదీ వద్దు.